ఒకే హార్మోను కాళ్లను పెంచుతుంది, తోకను చంపుతుంది: ఎలా?

ప్రశ్న

గాజు తొట్టెలో తోకకప్పలను పెంచుతున్నాను. నిన్న ఉదయం ఒకదానికి మొప్పల మీది చర్మాన్ని నెట్టుకుంటూ ముందు మోచేయి, ఆ తర్వాత చెయ్యి మొత్తం బయటపడింది. సాయంత్రానికి రెండోది కూడా వచ్చేసింది. ఈ రోజు చూస్తే తోక అంచు నల్లబడి ముడుచుకుపోతోంది. గంటసేపు తొట్టె ముందు నుంచి కదలలేకపోయాను.

దీనికి మూలం థైరాయిడ్ హార్మోను అని తెలుసు. 1912లో గూడెర్నాచ్ అనే శాస్త్రవేత్త జంతువుల థైరాయిడ్ గ్రంథిని మేతగా వేస్తే తోకకప్పలు వేళకు ముందే బుల్లి కప్పలైపోయాయని చదివాను. నాకు మింగుడుపడనిది ఒక్కటే. రక్తం ఒకటే, హార్మోను ఒకటే, ప్రతి కణంలోనూ ఉన్న జన్యువులూ అవే. అయినా కాలు పెరుగుతుంది, తోక చస్తుంది. తేడా ఎక్కడ ఉన్నట్టు?

మొదటి సమాధానం

మోతాదు వల్లనేమో. కొంచెం అందితే కణాలు పెరుగుతాయి, మరీ ఎక్కువైతే విషంలా పనిచేసి చంపేస్తుంది. తోకలో హార్మోను ఎక్కువగా పోగవుతుందేమో.

రెండో సమాధానం

మోతాదు సంగతి ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ తోక చావు విషం తిన్న చావు కాదండీ. నేను పరిశోధన చేసే రోజుల్లో ఇది స్వయంగా చూశాను. తోక కొసలు కోసి, పోషక ద్రవం ఉన్న గాజు పళ్లేలలో పెట్టాం. శరీరం లేదు, రక్తం లేదు. ఒక పళ్లెంలో ఏమీ కలపలేదు. అందులోని తోక రోజుల తరబడి అలాగే నిగనిగలాడుతూ ఉంది. రెండో దానిలో థైరాయిడ్ హార్మోనులో చురుకైన రూపమైన టీ3ని రవ్వంత కలిపాం. కొద్ది రోజుల్లోనే అది మీరు చెప్పినట్టే అంచులు ముడుచుకుని, రంగు కణాలన్నీ దగ్గరపడి నల్లగా కుంచించుకుపోయింది. మూడో దానిలో హార్మోనుతో పాటు ఆక్టినోమైసిన్ వేశాం. జన్యువు నుంచి ఆర్ఎన్ఏ నకలు తీయనివ్వని మందు అది. ఆ తోక కరగలేదు!

ఇది 1966లో జంషెడ్ టాటా అనే జీవశాస్త్రవేత్త చూపించిన విషయమే. అయినా కళ్లారా చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తోక చావాలంటే కొత్త ఆర్ఎన్ఏ, కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోవాలి. తన చుట్టూ కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీనును కోసే ఎంజైములను తానే వండుకుని మరీ కరిగిపోతుంది.

ఇక జన్యువుల దగ్గరికి. హార్మోనును పట్టుకునే ప్రోటీను, అంటే గ్రాహకం, కణ కేంద్రకంలోనే ఉంటుంది, ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో ప్రోటీనుతో జతకట్టి డీఎన్ఏ మీద కూర్చుంటుంది. హార్మోను రాకముందే కూర్చుంటుంది, ముఖ్యమైన సంగతి అదే. అప్పుడు అది ఊరికే ఉండదు. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపులను తీసేసే ఎంజైమును దగ్గరికి పిలిచి, ఆ చోట క్రొమాటిన్‌ను, అంటే డీఎన్ఏ, హిస్టోన్ల చుట్టను బిగించి, జన్యువును మూసి ఉంచుతుంది. టీ3 వచ్చి అతుక్కోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. ఎసిటైల్ తీసేసే ఆ ఎంజైము విడిపోతుంది, ఎసిటైల్ గుంపులను తగిలించే ప్రోటీన్లు వచ్చి చేరతాయి, జన్యువు తెరుచుకుంటుంది. నిన్నటిదాకా తలుపు మూసి పట్టుకున్న చెయ్యే ఇవాళ తీస్తుందన్నమాట.

ఈ గ్రాహకంలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. అలా తెరుచుకునే తొలి జన్యువుల్లో బీటా గ్రాహకం జన్యువు ఒకటి. హార్మోను వచ్చిన కొద్దీ గ్రాహకాలు పెరుగుతాయి, గ్రాహకాలు పెరిగిన కొద్దీ స్పందన ఉధృతమవుతుంది. తొలి వరుసలో మేల్కొన్నవాటిలో కొన్ని తర్వాతి జన్యువులను నడిపే ప్రోటీన్లను తయారు చేస్తాయి. ఏ కణంలో ఏ జన్యువులు మేల్కొనడానికి వీలుగా ఉన్నాయన్నది ఆ కణం అంతకుముందు పెరిగిన తీరును బట్టి ఉంటుంది. కండర కణంగా తోకలో ఒదిగినదానికీ, కాలి మొగ్గలో ఇంకా విభజన చెందుతున్నదానికీ అందుబాటులో ఉన్న జాబితాలే వేరు. 1933లో ష్విండ్ అనే శాస్త్రవేత్త తోకలోకి కంటిని నాటి చూశాడు. చుట్టూ తోక కరిగిపోయింది, కన్ను చెక్కుచెదరలేదు.

ఇప్పుడు మోతాదు. ఇదే హార్మోనులో మరో రూపమైన టీ4ను చురుకైన టీ3గా మార్చే ఎంజైము కాలి మొగ్గలో మొదటినుంచే ఉంటుంది, ఆల్ఫా గ్రాహకమూ దండిగా ఉంటుంది. అందుకే రక్తంలో హార్మోను కొద్దిగా ఉన్నప్పుడే కాళ్లు మొదలవుతాయి. తోకకు ఆ ఎంజైము బాగా ఆలస్యంగా, హార్మోను పతాకస్థాయికి చేరే వేళకు వస్తుంది. అంటే మోతాదు నిర్ణయించేది ఎప్పుడు అన్నదే. పెరగాలా, చావాలా అన్నది కణం తేల్చుకుంటుంది. ఈ వరుస తప్పితే కాళ్లు రాకముందే తోక పోయి, ఈదలేక, గెంతలేక ఆ జీవి బతకదు.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. మరి గ్రాహకాన్నే తీసేస్తే? కాళ్లు అసలు రావా?

రెండో సమాధానం ఇచ్చినవారు

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. జెనోపస్ ట్రాపికాలిస్ కప్పలో ఆల్ఫా గ్రాహకం జన్యువును చెరిపేసి చూశారు. కాళ్లు ఆగడం అటుంచి, మామూలుగా కన్నా ముందే మొదలయ్యాయి! మూసి పట్టుకునే చెయ్యి లేదు కదా. అయితే పైనుంచి హార్మోను ఇస్తే స్పందన మాత్రం బలహీనంగా ఉంటుంది. ఆల్ఫా, బీటా రెండూ లేనివి కాళ్లతో సహా చివరి ఘట్టం దాకా వస్తాయి, అక్కడ ఆగిపోతాయి. తోక అలాగే ఉండిపోతుంది, కొంతకాలానికి చనిపోతాయి.

మూడో సమాధానం

శాస్త్రం పైవారు చెప్పారు, నేను తొట్టె గురించి చెబుతాను. ముందుకాళ్లు వచ్చినవాటికి మేత వేయకండి. నాచును గీకి తినే నోరు, పొడవాటి పేగు ఇప్పుడు మారిపోతున్నాయి. పేగు లోపలి పాత పొర చచ్చి, మూలకణాల నుంచి కొత్త పొర పుడుతోంది. అదీ ఈ హార్మోను పనే. తిననందుకు కంగారు పడకండి, వేసిన మేత కుళ్లి నీళ్లు పాడవుతాయి. మొప్పలు కూడా పోతున్నాయి కాబట్టి నీళ్లు తగ్గించి, ఏటవాలుగా ఒక రాయి పెట్టండి. ఈ రాత్రికే పెట్టండి, లేదంటే ఎక్కడానికి చోటు లేక మునిగిపోతాయి.