సమస్యాపూరణం: “పాండవులు బంతి నాడిరి పాదములను”

నిర్వాహకుడు (వరంగల్):

మిత్రులందరికీ నమస్సులు. ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులో నాలుగవ పాదం. ముందటి మూడు పాదాలు మీరు కట్టి, దీనితో పద్యాన్ని ముగించాలి.

పాండవులు బంతి నాడిరి పాదములను

భారతంలో పాండవులకు విల్లుంది, గద ఉంది, గుఱ్ఱాలున్నాయి. కాలిబంతి మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ చిక్కును విప్పడమే మీ పని. అయితే ఈసారి పూరణలు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్టును గురించి ఉండాలని కోరుతున్నాను. 1920 ఆగస్టు 1న పుట్టిన ఆ జట్టు 2020లో ఇండియన్ సూపర్ లీగులో చేరిన తరువాత, మొదటి అయిదు సీజన్లలో నాలుగుసార్లు 9వ స్థానంలో, ఒకసారి పదకొండు జట్లలో 11వ స్థానంలో నిలిచింది. అయినప్పటికీ 2024 జనవరి 28న భువనేశ్వర్‌లో ఒడిశా జట్టును 3-2 తేడాతో ఓడించి సూపర్ కప్పు గెలుచుకున్నది. అదనపు సమయంలో నాయకుడు క్లైటన్ సిల్వా కొట్టిన గోలుతో ఆ ఆట తేలింది. పన్నెండేళ్ల తరువాత జట్టుకు దక్కిన జాతీయ స్థాయి కప్పు అది. ఇంత చరిత్ర ఉన్న జట్టు ఇలా పడుతూ లేస్తూ ఉన్నప్పుడు, దాని పూర్వవైభవాన్ని పద్యంలో నిలబెట్టడం మన తెలుగువారికి కూడా తగిన పనే. ఎందుకు తగినదో మీ పూరణలలోనే తేలుతుందని నమ్ముతున్నాను.

మానేరు తీరం (కరీంనగర్):

ద్రోణుఁ డేతెంచకుండఁగఁ దొల్లి పురిని
రాజపుత్రులు గుమిగూడి రచ్చలోనఁ
జేతఁ బట్టక చెలరేఁగి చెలిమితోడఁ
బాండవులు బంతి నాడిరి పాదములను.

నిర్వాహకుడు: మీ పూరణ నిర్దోషంగా ఉన్నది, అభినందనలు. నూతిలో పడిన బంతిని ద్రోణుడు పైకి తీసిన కథను ఆధారం చేసుకొని, “చేతఁ బట్టక” అన్న ఒక్క మాటతో సమస్యలోని చిక్కును విప్పారు. అయితే అడిగిన విషయం ఇందులో లేదు. వీలైతే జట్టును గురించి మరొక పూరణ చేయవలసిందిగా మనవి.

పద్మాక్షి గుట్ట (హనుమకొండ):

నాఁడు సాలె వెంకటుఁడు ధన్రాజు మఱియు
నప్పరావహ్మదను ఖాను లనఁగ నైదు
మంది యీస్టు బెంగాలుకు మహిమఁ దెచ్చి
పాండవులు బంతి నాడిరి పాదములను.

వివరణ: 1949 నుంచి 1953 వరకు ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో ఆడిన సాలే, అప్పారావు, అహ్మద్ ఖాన్, వెంకటేశ్, ధన్‌రాజ్ అనే అయిదుగురిని అభిమానులు “పంచపాండవులు” అని పిలుచుకున్నారు. 1949, 1950, 1951లలో వరుసగా మూడుసార్లు ఐఎఫ్ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డును, 1951, 1952లలో డ్యూరాండ్ కప్పును జట్టు గెలిచింది ఈ అయిదుగురూ ఉన్నప్పుడే.

నిర్వాహకుడు: సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది ఈ అయిదుగురే. అయిదు పేర్లనూ రెండు పాదాలలో, గణాలు (గురులఘువుల గుంపులు) చెడకుండా, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలోని అక్షరానికి ఉండవలసిన పొంతన) తప్పకుండా ఇమిడ్చిన మీ నేర్పు మెచ్చదగినది. ముఖ్యంగా “న్రాజు” దగ్గర “నాఁడు”లోని నకారంతో యతి కుదిర్చిన తీరు బాగున్నది. ఇక రెండు సవరణలు. ఒకటి, “మహిమఁ దెచ్చి ఆడిరి” అంటే ముందు మహిమ తెచ్చి తరువాత ఆడినట్లవుతుంది. ఆడినందువల్లనే కదా మహిమ వచ్చింది. “మహిమ హెచ్చ” అంటే క్రమం సరిపోతుంది. రెండవది, వెంకటేశ్‌ను “వెంకటుఁడు” అన్నారు. పద్యంలో పేరును కొంత కుదించవచ్చు గాని, ఆ ఆటగాడిని ఎరుగని పాఠకుడికి వివరణలో అసలు పేరు ఉండి తీరాలి. మీరు ఇచ్చారు కనుక చిక్కు లేదు.

పద్మాక్షి గుట్ట: ధన్యవాదాలండీ. మూడవ పాదాన్ని “మంది యీస్టు బెంగాలుకు మహిమ హెచ్చఁ” అని మారుస్తున్నాను. నాలుగవ పాదం అప్పుడు సంధి వల్ల “బాండవులు” అని మొదలవుతుంది.

గోదావరి ఒడ్డు (మంచిర్యాల):

నేను పదవ తరగతి చదువుతున్నాను. ఇది నా మొదటి పూరణ. పెద్దలు తప్పులు చూపించవలసిందిగా కోరుతున్నాను.

జకార్తాలోన గెలుపును జట్టు పొందె
నాసియానుల పోటీల, నంతకంటె
మునుపె, బూటులు తొడుగక, ముచ్చటగను
పాండవులు బంతి నాడిరి పాదములను.

నిర్వాహకుడు: నాయనా, మొదటి పూరణలోనే 2003 జులైలో జకార్తాలో జరిగిన ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) క్లబ్బుల పోటీని తీసుకున్నావు, చాలా సంతోషం. బ్యాంకాక్‌కు చెందిన బీఈసీ టెరో ససానాను ఫైనల్లో 3-1తో ఓడించిన ఆ గెలుపు, విదేశీ గడ్డపై మన దేశపు క్లబ్బు సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. ఇక గణాలు చూద్దాం. తేటగీతి పాదం సూర్యగణంతో మొదలుకావాలి. సూర్యగణం అంటే మూడు లఘువులు గాని, గురువు వెంట లఘువు గాని. “జకార్తా”లో “జ” లఘువు, “కా” గురువు. లఘువు వెంటనే గురువు వస్తే అది సూర్యగణం కాదు, కాబట్టి మొదటి అడుగే తప్పింది. ఆ నగరం జావా దీవిలో ఉన్నది కనుక “జావదీవిలో గెలుపును జట్టు పొందె” అని వ్రాస్తే గణాలూ, యతీ రెండూ కుదురుతాయి. మిగిలిన పాదాలలో ఛందస్సు దోషం లేదు.

పద్మాక్షి గుట్ట: ఛందస్సు సరే గాని, మూడవ పాదంలోని విషయం మీద నాకొక మాట ఉన్నది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడిన భారత జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్ ఆ జట్టులోనివారే. అహ్మద్ ఖాన్ వట్టి కాళ్లతో బంతిని తిప్పిన తీరు ప్రసిద్ధమే. కానీ అయిదుగురూ అన్ని ఆటలూ బూట్లు లేకుండానే ఆడారని దీని వల్ల రాదు. పద్యం అందమైనంత మాత్రాన ఒకరి కీర్తిని అందరికీ పంచరాదు.

నిర్వాహకుడు: మీ ఆక్షేపణ న్యాయమైనది. అయితే సమస్యలోని “పాదములను” అన్న మాటకు వట్టి పాదాలు అన్న అర్థాన్ని సాధించినది ఇప్పటివరకు ఈ పిల్లవాడు ఒక్కడే. నాయనా, “బూటులు తొడుగక” స్థానంలో “అలుపెఱుఁగక” వంటి మాట వేసి చూడు. లేదా అహ్మద్ ఖాన్ ఒక్కడిని గురించే వేరే పద్యం కట్టు. రెండవది చేస్తే నాకు మరింత ఇష్టం.

ధర్మపురి సభ్యురాలు:

నాఁటి బలరాముఁ డచటికి నడచె, వెనుక
మన హబీబును నేఁగె నా మార్గమందె;
వారి కన్నను ముందుగా వంగభూమిఁ
బాండవులు బంతి నాడిరి పాదములను.

వివరణ: బలరాముడు అంటే కృష్ణుని అన్న కాడు, సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై గోల్స్ చేసి, 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించి, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చిన జట్టులో ఆడిన మనవాడు. హైదరాబాదు నుంచి వెళ్లిన మహమ్మద్ హబీబ్‌ను అక్కడివారు “బడే మియా” అని పిలిచేవారు. 1970 నుంచి 1975 వరకు జట్టు వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగు గెలిచిన కాలంలో ఎక్కువ భాగం ఆయన అక్కడే ఆడాడు.

నిర్వాహకుడు: అమ్మా, మీ పూరణ చదివి ఎంతో సంతోషించాను. భారతకథ తెలిసిన పాఠకుడు “బలరాముఁడు” అనగానే కురుక్షేత్రాన్ని తలచుకుంటాడు. యుద్ధంలో ఏ పక్షమూ పట్టక తీర్థయాత్రకు వెళ్లిన బలరాముడు వంగదేశానికి ఎందుకు నడిచాడని ఆగుతాడు. “హబీబును” అన్న చోట అసలు అర్థం తెలుసుకొని వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. కాలక్రమాన్ని వెనుకకు నడిపి, హబీబ్, బలరామ్‌ల కంటె ముందటి తరానికి చేర్చడం వల్ల సమస్యాపాదం అతికించినట్లు కాక, పద్యం సహజంగా చేరవలసిన చోటుగా నిలిచింది.

మానేరు తీరం: నయీముద్దీన్ పేరు లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు నాయకుడు ఆ హైదరాబాదీయే. 1990లో ఆయన శిక్షణలోనే ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడింటినీ గెలిచింది.

ధర్మపురి సభ్యురాలు: నిజమేనండీ. నాలుగు పాదాలలో ఆయనకు చోటు కుదరలేదు; మీరు చెప్పడం మేలైంది. బలరామ్ 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న కన్నుమూశారు. సూపర్ కప్పు వచ్చింది మరుసటి జనవరిలో. ఆ కొద్ది నెలల ఎడం తలచుకుంటే మనసు చివుక్కుమంటున్నది.

మానేరు తీరం (రెండవ పూరణ):

గడచెఁ బన్నెండు వత్సరాల్ కప్పులేక
కానలో నున్న రీతిగా, ఘనులఁ దలఁచి
మరల నిలువఁగ జట్టుకు మార్గ మిడఁగఁ
బాండవులు బంతి నాడిరి పాదములను.

నిర్వాహకుడు: పాండవుల పన్నెండేళ్ల వనవాసానికీ, 2012 ఫెడరేషన్ కప్పు నుంచి 2024 సూపర్ కప్పు దాకా జట్టు ఎదురుచూసిన పన్నెండేళ్లకూ మీరు చూపిన పోలిక అద్భుతం. ఆనాటివారు ఆడినది ఈనాటివారికి దారి చూపడానికే అన్న భావం కూడా ఉదాత్తంగా ఉన్నది.

పద్మాక్షి గుట్ట: పోలిక గొప్పదే గాని, “కప్పులేక” అన్నది నిజానికి నిలవదు. 2010 నుంచి 2017 వరకు వరుసగా ఎనిమిదిసార్లు కలకత్తా లీగును గెలిచినది ఈస్ట్ బెంగాలే కదా. రానిది దేశస్థాయి కప్పు. ఆ భేదం పద్యంలో తెలియాలి. అలాగే వనవాసం ముగిసిందని తొందరపడరాదు. 2025 ఆగస్టు 17న డ్యూరాండ్ క్వార్టర్ ఫైనల్లో చిరకాల ప్రత్యర్థి మోహన్ బగాన్‌ను 2-1తో ఓడించినప్పుడు అభిమానుల ఆశలు ఎంతగా పెరిగాయో, సెమీ ఫైనల్లో డైమండ్ హార్బర్ జట్టు చేతిలో ఓడినప్పుడు అంతగా కుంగాయి.

నిర్వాహకుడు: సరిగా పట్టుకున్నారు. అయితే “దేశకప్పు” అని మాత్రం సమాసం చేయవద్దు. సంస్కృతపదానికి అన్యదేశ్యాన్ని (పరభాషల నుంచి వచ్చిన మాటను) అలా కలిపితే వైరిసమాసమవుతుంది. “దేశపుఁ గప్పు” అనండి.

మానేరు తీరం: ఇద్దరికీ ధన్యవాదాలు. పద్యంలో వనవాసం ముగిసిందని నేను అనలేదు. “నిలువఁగ” అని మాత్రమే అన్నాను. కప్పు విషయంలో ఆక్షేపణ సరైనదే. సవరించిన పూరణ ఇది:

గడచెఁ బన్నెండు దేశపుఁ గప్పు లేని
యేండ్లు కానలో నున్నట్టు, లెదలఁ దలఁచి
మరల నిలువఁగ జట్టుకు మార్గ మిడఁగఁ
బాండవులు బంతి నాడిరి పాదములను.

నిర్వాహకుడు: ఇప్పుడు విషయమూ, ఛందస్సూ రెండూ నిలిచాయి. రెండవ పాదంలో “యేండ్లు”, “లెదల” అన్నచోట స్వరయతి (అచ్చుల పొంతనతో కుదిరే యతి) చక్కగా కుదిరింది. “ఎదలఁ దలఁచి” అన్నప్పుడు ఎవరిని తలచాలో ఆ పాదంలో చెప్పకుండా, నాలుగవ పాదంలోని పాండవుల దాకా ఆపడం ముందటి పాఠం కంటె మేలుగా ఉన్నది. మంచిర్యాల చిరంజీవి అహ్మద్ ఖాన్ పద్యం వచ్చేదాకా ఈ సమస్యను తెరిచే ఉంచుతున్నాను.