అగ్నిశిఖ దుంప కుండీలో మొలవకుండా కుళ్ళిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: వానాకాలంలో కంచెల మీద ఎర్రగా, పసుపుగా పూసే అగ్నిశిఖ (అడవినాభి) దుంపను జనవరిలో 8 అంగుళాల కుండీలో, నల్లమట్టిలో నాటాను. రోజూ నీళ్ళు పోశాను. మొలక రాలేదు, దుంప మెత్తబడింది. అసలిది ఎలాంటి చోట పెరుగుతుంది?

జవాబు 1: నీళ్ళే చంపాయండీ. జనవరిలో దుంప నిద్రలో ఉంటుంది, అప్పుడు తడి తగిలితే కుళ్ళు ఖాయం. తొలకరికి మొలిచి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూసి, కాయ పండాక తీగ ఎండిపోతుంది. మళ్ళీ వానల దాకా నేల పొడిగానే ఉండాలి. నల్లమలలోనైనా తూర్పు కనుమల్లోనైనా ఇది కనిపించేది అడవి అంచుల్లో, రాళ్ళ గుట్టల మీద, పొలాల కంచెల్లో. అంటే నీరు నిలవని నేల, మొదలు దగ్గర పొద నీడ, పైన ఎండ. నల్లరేగడి దీనికి పనికిరాదు.

జవాబు 2: పై మాటకు తోడు నాటే పద్ధతి. దుంప వి ఆకారంలో ఉంటుంది, ఒక్కో కొమ్ము కొసన ఒకటే మొగ్గ. అది విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు, కొనేముందు అదే చూసుకోండి. ఎర్రమట్టి 2 పాళ్ళు, ముతక ఇసుక 1, బాగా మాగిన పశువుల ఎరువు 1. కుండీ 12 అంగుళాల లోతుండాలి. మే చివర్లో దుంపను 2–3 అంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. మొలక కనబడేదాకా నీళ్ళు పొదుపుగానే. ఆకు కొసే నులితీగలా చుట్టుకుంటుంది కాబట్టి లావు కర్రను పట్టుకోలేదు, పెన్సిల్ కంటే సన్నని పుల్లలు గుచ్చండి. లేత కొన తెగిందా, సాధారణంగా ఆ ఏటికి పువ్వు లేనట్టే.

జవాబు 3: ఒక హెచ్చరిక. మొక్కంతా విషమే, దుంపలోనూ గింజల్లోనూ కాల్చిసిన్ అనే విషపదార్థం ఉంటుంది. చిలగడదుంప అనుకుని తిన్నవాళ్ళు చనిపోయారు. దుంపల బుట్టను వంటింట్లో పెట్టొద్దు, తవ్వేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. పొరపాటున తింటే వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

అడవిలో దుంపలు తవ్వి తేవడం కూడా వద్దు, ఆ చోట మొక్క పోతుంది. ఇంట్లో పూసిన పువ్వు నుంచే గింజ కట్టించవచ్చు. మొగ్గ పచ్చగా విచ్చుకుని, పసుపు తిరిగి, చివరికి పూర్తిగా ఎరుపెక్కుతుంది. కీలం (పువ్వులోని ఆడ భాగపు కాడ) మొదలు దగ్గరే పక్కకు వంగి, పుప్పొడి ఉండే కేసరాలకు దూరంగా ఉంటుంది గనుక పుప్పొడి దానంతటది అందడం కష్టం. పుప్పొడి రాలే వేళ మెత్తటి కుంచెతో తీసి, కీలం కొసన ఉండే మూడు పాయల కీలాగ్రానికి అద్దండి. వేరే మొక్క పుప్పొడి దొరికితే మరీ మేలు. గింజ నుంచి పువ్వుకు మాత్రం 3–4 ఏళ్ళు పడుతుంది.