‘నీడీ’ అంటే పేదవారేనా?

అమలాపురం సభ్యుడి ప్రశ్న

మా లంకల్లో వరద బాధితులకు బియ్యం, దుప్పట్లు పంచేందుకు పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఇంగ్లీషులో ఒక విజ్ఞప్తి రాశాము. అందులోని ‘నీడీ ఫ్యామిలీస్’ అన్న మాట ఇప్పుడు కించపరిచేదిగా మారిందని, దానిని తీసివేయాలని విదేశాల్లో చదువుతున్న మా పిల్లలు పట్టుబడుతున్నారు. పెద్దలు మాత్రం అది బైబిలు నాటి గౌరవమైన మాటేనంటున్నారు. ఎవరిది సబబు?

పాలకొల్లు, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు

పెద్దలు చెప్పినది నిజమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ‘పూర్ అండ్ నీడీ’ అన్న జంట పదే పదే కనిపిస్తుంది, అక్కడ చిన్నచూపు ఏమీ లేదు. అయితే ‘నీడీ’ కుటుంబం అన్న మాటకు ముందు నిలిచినప్పుడు లేమిని చెబుతుంది కాని, ‘హీ ఈజ్ సో నీడీ’ అని ఒక మనిషి గురించి తీర్పులా అన్నప్పుడు, తనను ఎవరో ఒకరు అనుక్షణం పట్టించుకుంటూ ఉండాలని వేధించే స్వభావాన్ని చెబుతుంది. పిల్లలు రోజూ వినేది ఈ రెండవ వాడుకనే. ‘ద నీడీ’ అంటే బహువచనమే కనుక దాని తరువాత ‘ఆర్’ రావాలి. మన కరపత్రాల్లో తరచు కనిపించే ‘హెల్ప్ ఎ నీడీ’ తప్పు, ‘ఎ నీడీ పర్సన్’ అనాలి. మీ విజ్ఞప్తిలో మాట కుటుంబాల ముందే ఉన్నది కనుక నా దృష్టిలో దోషం లేదు.

రాజోలు సభ్యురాలు

మాస్టారూ, వ్యాకరణం మీరు చెప్పినట్టే ఉండవచ్చు, కాని ఆ మాట ఇక్కడి పరిస్థితికి సరిపోదు. 1986 ఆగస్టు వరదలో పది ఎకరాల కొబ్బరితోట ఉన్న ఆసామి, ఆ తోటలో దింపు తీసే కూలీ ఏటిగట్టు మీద ఒకే బరకం కింద కూర్చుని, పడవలో వచ్చే పులిహోర పొట్లం కోసం ఒకేలా చేయి చాచారు. ఆ పూట ఇద్దరూ ‘ఇన్ నీడ్’, అంటే అవసరంలో ఉన్నవారు. ఇద్దరినీ కలిపి ‘నీడీ’ అంటే ఆసామి విషయంలో అది అబద్ధం. వరద తీశాక ఆయన తోటకు ఆయన వెళ్లిపోతాడు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏరు దాటి వచ్చిన బాటసారికి వేళ కాని వేళ వండి పెట్టారంటే, ఆ వచ్చినవాడు పేదవాడా, కలిగినవాడా అని ఆరా తీసి కాదు కదా! విజ్ఞప్తిలో ‘ఫ్యామిలీస్ ఇన్ నీడ్’ అని రాయండి.

రాజమహేంద్రవరం, న్యాయవాది

మాట మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కోర్టు ఫీజు కట్టలేని వాదిని ‘పాపర్’ అనేవారు. 1976 సవరణలో దాని స్థానంలో ‘ఇండిజెంట్’ వచ్చింది, అయినా కోర్టు వరండాలో ‘పాపర్ దావా’ అన్న పేరు వినబడుతూనే ఉంటుంది. అయితే ఆ నిబంధనలో మన చర్చకు పనికివచ్చే మెలిక ఒకటి ఉంది. ఆ దావాకు కట్టవలసిన ఫీజు చెల్లించే స్తోమత ఉన్నదా లేదా అన్నదే అక్కడ ప్రధాన పరీక్ష కనుక, అంతో ఇంతో ఆస్తి ఉన్న మనిషి కూడా పెద్ద మొత్తం దావాలో ‘ఇండిజెంట్’ కావచ్చు. దావా నడుస్తుండగా స్తోమత కలిగితే ఆ అనుమతి రద్దు కావచ్చు, గెలిస్తే మినహాయించిన ఫీజును వసూలు చేస్తారు. చట్టం లేమిని స్వభావంగా కాక సందర్భంగానే చూస్తున్నది కనుక, రాజోలు వారి వాదన వైపే నేను మొగ్గుతాను.

పాలకొల్లు, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు

అందరినీ ‘ఇన్ నీడ్’ అన్నప్పుడు కౌలు రైతు సంగతి ఏమిటండీ? వరద తీసినా ఆయన అవసరం తీరదు. ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పుకున్న కౌలు నెత్తిమీద ఉంటుంది, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి, అది లేకపోతే నష్టపరిహారం దగ్గరే చిక్కు వస్తుంది. ఆసామికి, ఆయనకు ఒకే మాట వాడితే ఆ తేడా మరుగున పడుతుంది. మర్యాద కోసం వాస్తవాన్ని చెరిపివేయడం నాకు సమ్మతం కాదు.

రాజోలు సభ్యురాలు

అటువంటప్పుడు ‘కౌలు రైతులు’ అనే రాయండి. పంపేవారికి డబ్బు ఎవరి చేతికి వెళుతుందో దానివల్లనే తెలుస్తుంది, ‘నీడీ’ వల్ల కాదు.