కార్టింగ్ ట్రాక్ చుట్టూ గ్రానైట్ దిమ్మెలు పెట్టొచ్చా?

ఒంగోలు నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్తే. హైవే పక్కన మా బాబాయి వాళ్ల స్థలంలో చిన్న గో-కార్టింగ్ ట్రాక్ వేస్తున్నాం. అద్దెకిచ్చే కార్టులు, గంటకు 60 కిలోమీటర్లు దాటవు. చీమకుర్తి క్వారీల నుంచి పనికిరాని గ్రానైట్ దిమ్మెలు తెచ్చి వరసగా పేర్చి, ముందు పాత టైర్లు తాడుతో కట్టేద్దామనుకుంటున్నాం. సరిపోతుందా? పిల్లలు కూడా నడుపుతారు, అదే టెన్షన్.

కావలి నుంచి:
తమ్ముడూ, దిమ్మెలు వెనకాల ఉంటే ఉండనీ, బండి మాత్రం వాటిదాకా పోకూడదు. గుద్దుకున్నాక ఎంత దూరంలో ఆగుతుందో ముందు అది చూసుకో. 60లో వచ్చే కార్టు 30 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద పడే బలం మన బరువుకు దాదాపు 47 రెట్లు. అదే 1.2 మీటర్లలో ఆగితే 12 రెట్లే. రాయికి ఆనించి ఒక్క వరస టైర్లు పెడితే అవి నలిగేది ఏ జానెడో. మలుపుల బయటివైపు, స్ట్రెయిట్ (ట్రాక్ నేరుగా సాగే భాగం) అయిపోయే చోట మూడు వరసలన్నా వెయ్యి. టైర్లకూ రాళ్లకూ మధ్య ఖాళీ వదులు, బండి గుద్దితే టైర్ల గోడంతా వెనక్కి జరగాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడ. స్ట్రెయిట్ పక్కన బండి ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ కావాల్సింది నునుపు.

తాడు మాత్రం వద్దు. ఒక్క దెబ్బకే టైర్లు చెల్లాచెదురై బండి లోపలికి దూరిపోతుంది. పెద్ద వాషర్లు వేసి పైకీ కిందకీ, పక్కపక్కలకీ బోల్టులు బిగించండి. మనది ఉప్పుగాలి, గాల్వనైజ్డ్ బోల్టులే తీసుకోండి.

ముందువైపు కన్వేయర్ బెల్టు తప్పనిసరి. లేకుంటే కార్టు ముక్కు టైర్ల సందులో ఇరుక్కుని బండి గిర్రున తిరుగుతుంది. కంకర క్రషర్ల దగ్గర పాత బెల్టు అడిగి చూడు. తీగలు బయటికి పొడుచుకొచ్చిన ముక్క మాత్రం వద్దు. అతుకు దగ్గర, బండ్లు వచ్చేవైపు ముక్క ట్రాక్ వైపుకు, తర్వాతి ముక్క అంచు దాని వెనకాల ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆ అంచే బండికి కొక్కెమవుతుంది.

నెల్లూరు నుంచి:
అన్న చెప్పిన సూత్రమే పెద్ద ట్రాకుల్లోనూ. 2001లో అమెరికాలోని డేటోనా ట్రాక్‌లో కార్ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ కాంక్రీటు గోడకు గుద్దుకుని చనిపోయారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజినీర్లు తయారుచేసిన సేఫర్ బారియర్ అనే రక్షణ గోడను 2002లో ఇండియానాపోలిస్ రేస్ ట్రాక్‌లో మొదటిసారి పెట్టారు. ముందు ఉక్కు గొట్టాలు, వాటికీ కాంక్రీటుకూ మధ్య ఫోమ్ దిమ్మెలు. ఉక్కు మీద బండి జారుతుంది, ఫోమ్ నలిగి దెబ్బ తీసుకుంటుంది. మీకు బెల్టూ టైర్లూ ఆ పనే చేస్తాయి.

హైవే రెయిలింగ్ పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 2020లో బహ్రెయిన్ ఫార్ములా వన్ రేసులో డ్రైవర్ గ్రోజాన్ కారు ఇనుప రెయిలింగ్‌ను చీల్చుకుని మధ్యలోకి దూరి మంటల్లో చిక్కుకుంది. కార్టు ఇంకా కిందికి ఉంటుంది, రెయిలింగ్ కింద సందులోకి దూరితే తగిలేది మెడకే. కింది టైరు నేలకు ఆని ఉండాలి.

ఒంగోలు నుంచి:
చాలా థాంక్స్ అన్నా. తాడు ఆలోచన మానేశాం. నవంబర్ వానలకు టైర్లలో నీళ్లు నిలిస్తే ఎలా?

కావలి నుంచి:
బోల్టులు బిగించకముందే ప్రతి టైరుకూ కిందివైపు నాలుగైదు చిల్లులు వేయించు, లేకుంటే డెంగీ దోమలు. పైవరసకు షీటు కప్పు. గట్టిగా గుద్దుకున్న ప్రతిసారీ ఆట ఆపి, గోడను మళ్లీ వరసకు తెచ్చి, బోల్టులు చూశాకే తర్వాతి బండిని వదలండి.