విండోస్ డిస్కును కదపకుండా రెండో ఎస్‌ఎస్‌డీలో లినక్స్ మింట్ ఎలా వేసుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. మా ఇంట్లోని డెస్క్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ డిస్కు మీద విండోస్ 11 ఉంది. నాన్నగారి పింఛను కాగితాలు, పన్ను లెక్కలు అన్నీ అందులోనే ఉన్నందున దాని జోలికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. కొత్తగా కొన్న 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో లినక్స్ మింట్ 22 వేసుకోవాలనుకుంటున్నాను. ఇన్‌స్టాలర్‌లో ఆ డిస్కును ఎంచుకుంటే చాలునా? ఎప్పుడైనా ఆ ఎస్‌ఎస్‌డీని తీసేసినా విండోస్ మామూలుగానే తెరుచుకోవాలి.

జవాబు 1:
మీ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉందండి. డిస్కును ఎంచుకున్నంత మాత్రాన చాలదు. మింట్ ఇన్‌స్టాలర్‌లో చాలాకాలంగా ఒక లోపం ఉంది: బూట్ లోడర్ (కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెరిచే చిన్న ప్రోగ్రామ్) కోసం మీరు రెండో డిస్కునే చూపించినా, అది మొదటి డిస్కులో విండోస్ వాడుకుంటున్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (బూట్ లోడర్లు ఉండే చిన్న భాగాన్ని) పట్టుకుని, మింట్ బూట్ లోడర్ అయిన గ్రబ్‌ను అందులోనే పెట్టేస్తుంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీని తీసేస్తే, కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. రేపు విండోస్ డిస్కును పూర్తిగా ఫార్మాట్ చేస్తే మింట్ తెరుచుకోదు.

నా సలహా ఒక్కటే: కరెంటు తీసేసి, విండోస్ డిస్కును ఊడదీసి, ఆ తర్వాతే మింట్ వేయండి. పెన్‌డ్రైవ్ కాక కనిపించేది ఒకే డిస్కు కాబట్టి ‘ఎరేజ్ డిస్క్’ నొక్కడానికి కూడా భయపడనక్కరలేదు. కావలసిన ఈఎఫ్ఐ పార్టిషన్‌ను ఇన్‌స్టాలరే ఆ ఎస్‌ఎస్‌డీలో చేసుకుంటుంది. తర్వాత పాత డిస్కును బిగించి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో (బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12) ఏది కావాలో ఎంచుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. అయితే ఆ డిస్కు గ్రాఫిక్స్ కార్డు కింద ఉంది. విప్పకుండా వేరే దారి ఉందా?

జవాబు 2:
ఉంది. కొన్ని బోర్డుల బయాస్‌లో (ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగులలో) విండోస్ డిస్కు ఉన్న ఎం.2 స్లాట్‌ను ఆపే వీలుంటుంది, ముందు అది చూడండి. లేకపోతే మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి, జీపార్టెడ్ అనే డిస్కు భాగాలను మార్చే ప్రోగ్రామ్‌లో విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఉన్న ‘బూట్’, ‘ఈఎస్‌పీ’ ఫ్లాగులను (అది ఈఎఫ్ఐ పార్టిషన్ అని తెలిపే గుర్తులను) తీసేసి, ఎస్‌ఎస్‌డీలో వేరే ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి ఇన్‌స్టాల్ చేయండి. పని ముగిశాక ఆ ఫ్లాగులను తిరిగి పెట్టడం మరవవద్దు. నాన్నగారి ఫైళ్లకు మాత్రం ముందే వేరే డ్రైవులో కాపీ ఉంచండి, ఈ పద్ధతిలో విండోస్ డిస్కు మీద చేయి పడక తప్పదు.

జవాబు 3:
బయాస్‌ను ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్నదేమో చూసుకోండి. విండోస్ 11 ఉన్న కంప్యూటర్లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది, ఆ సంగతి వాడేవారికి తెలియనే తెలియదు. బయాస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగును మార్చితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, కనుక దాన్ని ముందే కాగితం మీద రాసుకోండి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను (త్వరగా తెరుచుకునే సదుపాయాన్ని) కూడా ఆపేయండి. అది ఉన్నంతవరకు షట్‌డౌన్ చేసినా ఆ డిస్కు పూర్తిగా మూసుకోదు, అందువల్ల మింట్ నుంచి అందులో ఏదీ రాయలేకపోవచ్చు. ఇక మింట్ వాడి విండోస్‌కు వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపవచ్చు. బోర్డులోని సమయాన్ని మింట్ యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా), విండోస్ స్థానిక సమయంగా లెక్కించడమే దానికి కారణం. మింట్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అన్న ఆదేశాన్ని ఆంగ్ల అక్షరాలలో ఇస్తే సరిపోతుంది.