వాల్‌హెన్‌జే పవర్ హౌస్ వెనక టెర్రైన్ 4 కాష్: ఎటు నుంచి ఎక్కాలి?

ఇసార్_గట్టు

నమస్కారం అందరికీ. అక్టోబర్ చివరి శనివారం మ్యూనిక్ నుంచి నలుగురం వెళ్దామనుకుంటున్నాం. కోఖెల్ సరస్సు దక్షిణపు కొసన వాల్‌హెన్‌జే పవర్ హౌస్ ఉంది కదా, దాని వెనక కొండవాలు మీద ఒక కాష్, అంటే జియోకాషింగ్ ఆటలో ఎవరో దాచిపెట్టిన డబ్బా, జీపీఎస్ కోఆర్డినేట్లు పట్టుకుని వెతకాలి. డిఫికల్టీ (వెతకడం ఎంత కష్టమో) 2, టెర్రైన్ (చేరుకోవడం ఎంత కష్టమో) 4, రెండూ ఐదుకు, డబ్బా సైజు స్మాల్. పవర్ హౌస్ ముందున్న పార్కింగ్ నుంచి యాప్‌లో సూటిగా 380 మీటర్లు చూపిస్తోంది. మ్యాప్‌లో ఎత్తు చూపే కాంటూర్ గీతలు లెక్కపెడితే ఎత్తు తేడా 160 మీటర్ల దాకా వస్తోంది. కాష్ పెట్టిన ఓనర్ దాని పేజీలో రాసింది రెండే ముక్కలు: కింద నుంచి సూటిగా రావద్దు, తాడు అక్కర్లేదు.

ఎటు నుంచి ఎక్కాలి? ఎంతసేపు పడుతుంది? బూట్లు కాక ఇంకేం కావాలి? మాలో ఇద్దరికి కొండలు కొత్త. వాళ్లకు అలిపిరి మెట్లదారి తప్ప వేరే లెక్క తెలీదు, టెర్రైన్ 4 అంటే దానికంటే కష్టమా?

కాంటూరు_గీత

అలిపిరితో పోల్చకండి. అక్కడ 3,550 మెట్లున్నా, మోకాళ్ల మిట్ట దగ్గర ఎంత ఆయాసమొచ్చినా, కాలు పెట్టే చోటు చదునుగానే ఉంటుంది. టెర్రైన్ 4 అంటే ఆ చదునే ఉండదు. దమ్ము కంటే కాలు నిలిపే నేర్పు ముఖ్యం. తాళ్లు, హుక్కులు కావాల్సి వస్తే టెర్రైన్ 5 ఇస్తారు. 4 అన్నారంటే చేతులు ఆన్చాల్సి రావచ్చు, దారి అంటూ లేని చోట నడవాల్సి రావచ్చు.

ఇక దారి. 380 మీటర్ల దూరానికి 160 మీటర్ల ఎత్తంటే సగటున 23 డిగ్రీలు. ఇది వినడానికి పెద్దగా అనిపించదు, మోసమంతా అక్కడే. పార్కింగ్ దగ్గర కొంత దూరం చదును, ఆ లోటంతా పైన పూడుతుంది. చివరి భాగంలో గీతలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. 10 మీటర్ల గీతల మధ్య ఎడం మ్యాప్ మీద 14 మీటర్లకు తగ్గిందంటే అక్కడ వాలు 35 డిగ్రీలు దాటినట్టే. దారిలేని అడవిలో కొత్తవాళ్లకు నేను పెట్టే హద్దు అదే.

కింద నుంచి సూటిగా ఎక్కొద్దు. పాత కెస్సెల్‌బెర్గ్ రోడ్డు పట్టుకోండి. ఇప్పుడు బండ్లు తిరిగే ఘాట్ రోడ్డు 1890ల్లో వేసింది. పాతది 1492 నాటిది, ఇప్పుడు కాలిబాట. వాగు పక్కనే, చిన్న చిన్న జలపాతాల మీదుగా కెస్సెల్‌బెర్గ్ కనుమ దాకా తీసుకెళ్తుంది. కోఖెల్ సరస్సు మట్టం 600 మీటర్లు, కనుమ 858. కాష్ ఉన్న ఎత్తుకు సరిగ్గా సమానంగా వచ్చాక దారి వదిలి, కొండకు అడ్డంగా నడవండి. దిగాల్సింది, ఎక్కాల్సింది 10, 15 మీటర్లకు మించకూడదు.

సమయం లెక్క జర్మనీలో అందరూ వాడేదే: గంటకు 300 మీటర్ల ఎక్కుడు, లేదా 4 కిలోమీటర్ల నడక. రెండూ విడివిడిగా కట్టి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. కనుమ దాకా నడక 3 కిలోమీటర్లు అనుకుంటే 45 నిమిషాలు, 258 మీటర్ల ఎక్కుడుకు 52 నిమిషాలు, వెరసి 75 నిమిషాలు. మీరు అంతకంటే కిందే దారి వదులుతారు కాబట్టి ఒక గంట. అడవిలో అడ్డంగా నడిచే ముక్కకు ఈ సూత్రం పనిచేయదు, దానికి విడిగా 40 నిమిషాలు వేసుకోండి, వెతకడానికి ఇంకో అరగంట.

పెన్‌స్టాక్

పై పోస్టులోని దారి మంచిదే. సూటిగా ఎందుకు వెళ్లకూడదో మాత్రం ఇంకొంచెం చెప్పాలి, వాలు ఒక్కటే కారణం కాదు.

ఆ పవర్ హౌస్ 1924 జనవరిలో మొదలైంది. వెనక నిలబడి చేయించింది ఇంజినీరు ఆస్కర్ ఫోన్ మిల్లర్. పైన వాల్‌హెన్‌జే సరస్సు, కింద కోఖెల్ సరస్సు, మధ్య ఎత్తు తేడా 200 మీటర్లు. ఉర్‌ఫెల్డ్ దగ్గర నీళ్లు కొండలోని సొరంగంలోకి దిగి ఇవతల వైపు సర్జ్ ట్యాంకులోకి, అంటే నీటి ఒత్తిడి పోటును ఆపుకునే తొట్టిలోకి, వస్తాయి. దాన్ని అక్కడ వాసర్‌ష్లోస్, అంటే నీటికోట, అంటారు. అక్కడి నుంచి నీళ్లను టర్బైన్లకు దించే 6 పెన్‌స్టాక్ పైపులు నాలుగు వందల మీటర్ల పైచిలుకు కిందికి దిగుతాయి. మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం చూసినవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు. కింద 8 టర్బైన్లు: 4 ఫ్రాన్సిస్, ఒక్కోటి 18 మెగావాట్లు, మామూలు గ్రిడ్ కోసం. 4 పెల్టన్, ఒక్కోటి 13 మెగావాట్లు, రైల్వే కరెంటు కోసం. వెరసి 124 మెగావాట్లు. మీరు కోఖెల్ దాకా ఎక్కి వచ్చే రైలు నడిచేది 16.7 హెర్ట్జ్ మీద, ఆ పెల్టన్లు చేసేది ఆ రకం కరెంటే.

200 మీటర్ల నీటి నిలువంటే పైపు అడుగున 20 బార్ల ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండేదానికి ఎనిమిది రెట్ల పైమాట. అందుకే పైపుల వరస పొడవునా ఉన్నది సంస్థ స్థలం. బవేరియాలో అడవిలో ఎవరైనా తిరగొచ్చని రాజ్యాంగంలోనే ఉంది కానీ ఆ హక్కు కంచె దగ్గర ఆగిపోతుంది. పైపుల పక్కన సిమెంటు మెట్లలాంటివి కనిపిస్తే అవి మెయింటెనెన్సు వాళ్లవి. కింద నుంచి సూటిగా ఎక్కేవాళ్లకు వాలు ముదిరిన చోట ఆ మెట్లు ఆశ పెడతాయి, ఓనర్ ఆ ముక్క రాసింది అందుకే అయ్యుండాలి. జీపీఎస్ బాణం మిమ్మల్ని కంచె లోపలికి చూపిస్తోందంటే తప్పు బాణానిదే. ఇలాంటి కట్టడాల ఆవరణలో ఉన్న కాష్‌ను రివ్యూయర్, అంటే కొత్త కాష్‌లను పరిశీలించేవాడు, పాస్ చెయ్యడు.

ఇంకొకటి. కింద టెయిల్ రేస్, అంటే టర్బైన్ల నుంచి నీళ్లు బయటికొచ్చే కాలువ, గట్టు మీదికి ఫొటోల కోసం దిగొద్దు. ఇది అవసరాన్ని బట్టి నడిచే స్టేషన్. యంత్రాలు ఆగి ఉన్నప్పుడు నీళ్లు నిలబడినట్టే ఉంటాయి, పూర్తి లోడ్ మీదికి వస్తే సెకనుకు 84 ఘనపు మీటర్లు. ముందుగా చప్పుడేమీ ఉండదు.

ఇసార్_గట్టు

ఇద్దరికీ థాంక్సండి. సూటిదారి మానేశాం. ఇంకో సందేహం: కాష్ పేజీలో వెతికినవాళ్లు రాసే లాగుల్లో చాలామంది డబ్బా దొరకలేదని పెట్టారు, దొరికినవాళ్లు కూడా కోఆర్డినేట్లు 20 మీటర్లు తేడా అని రాశారు. ఓనర్ తప్పు కొట్టాడా?

ఉపగ్రహం

ఓనర్ తప్పు కాకపోవచ్చు. ఆ వాలు ఉత్తరం వైపు తిరిగి ఉంది, జీపీఎస్‌కు అది అన్నిటికంటే చెడ్డ చోటు. కారణం ఇది. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి. 47 డిగ్రీల అక్షాంశంలో నిలబడితే ఉత్తరాన ఆకాశంలో ఒక పెద్ద ఖాళీ, ఉపగ్రహాలన్నీ ఎక్కువగా దక్షిణం వైపే. ఆ దక్షిణాన్నంతా మీ వీపు వెనక కొండ మూసేస్తుంది. మిగిలిన కాసిని సంకేతాలు రాతి మీద పడి తిరిగొస్తాయి. ఫోన్ 4 మీటర్ల ఖచ్చితత్వం అని చూపిస్తుంది, నమ్మొద్దు.

చెయ్యాల్సిందేంటంటే, ఫోన్‌లో గ్లోనాస్ (రష్యా ఉపగ్రహాలు), గెలీలియో (యూరప్ ఉపగ్రహాలు) రెండూ తీసుకుంటోందో లేదో ముందే చూసుకోండి. గ్లోనాస్ కక్ష్య వాలు 65 డిగ్రీల దగ్గర, ఉత్తరాన కాస్త ఎక్కువ పనికొస్తుంది. అక్కడికి వెళ్లాక ఫోన్ పట్టుకుని తిరగకుండా ఒక చెట్టు మొదట్లో ఐదు నిమిషాలు కదలకుండా ఉంచి సగటు తీయండి. 15 మీటర్లు పక్కకు జరిగి మళ్లీ అదే పని. రెండు చోట్ల నుంచీ బాణం చూపే గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకండి.

కోఆర్డినేట్ల చివరి అంకె గురించి కూడా తెలిసుండాలి. ఆ అక్షాంశంలో 0.001 నిమిషం ఉత్తరానికి 1.85 మీటర్లు, తూర్పుకు 1.25 మీటర్లే. 20 మీటర్ల తేడా అంటే ఉత్తరంలో 11 అంకెలు, తూర్పులో 16. లాగుల్లో ఎవరైనా సవరించిన కోఆర్డినేట్లు పెట్టి ఉంటే, నలుగురివి తీసి సగటు కట్టండి. ఒక్కడిదే పట్టుకుని పోతే వాడి తప్పు కూడా మీతో పాటే ఎక్కుతుంది.

అన్నిటికంటే నమ్మదగింది ఎత్తు. ఫోన్‌లో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే బారోమీటర్ ఉంటే పవర్ హౌస్ దగ్గర 600కి సరిచేసుకోండి. 35 డిగ్రీల వాలులో అడ్డదూరం 60 మీటర్లు అంటే నిలువు 42 మీటర్లు, నేల మీద 73 మీటర్లు. యాప్ ఆ 60 మాత్రమే చెబుతుంది. ఎత్తు సరిపోయిందంటే అడ్డంగా వెతకడమే, పైకీ కిందికీ తిరిగి కాళ్లు అరగదీసుకోనక్కర్లేదు.

పవర్ హౌస్ దగ్గర సిగ్నల్ ఉంటుంది, వాలు మీద ఉంటుందనుకోకండి. కాష్ పేజీ, హింటు, ఫొటోలు, ఆఫ్‌లైన్ మ్యాపు రాత్రే దించుకోండి. ఆండ్రాయిడ్‌లో సీ-జియో యాప్ చాలు, డబ్బులు కట్టాల్సిన పని లేదు.

బీచ్_ఆకు

అసలు ప్రమాదం ఎవరూ చెప్పలేదు. అక్టోబర్ చివరికి ఆ అడవిలో బీచ్ చెట్ల ఆకులు మడమల లోతు రాలి ఉంటాయి. పై పొర ఆరినట్టు ఉంటుంది, అడుగు పొర తడిసి నాని ఉంటుంది, దాని కింద నున్నటి సున్నపురాయి. కాలేస్తే మూడు పొరలూ కలిసి కదులుతాయి. పైపై ఆకులు చూసి గట్టి నేల అనుకోవడమే అక్కడ పడిపోవడానికి కారణం.

అడ్డంగా నడిచేటప్పుడు పాదం మొత్తం ఆన్చడానికి చూడకండి, బూటుకు కొండ వైపున్న అంచును వాలులోకి దిగగొట్టండి. అందుకే మెత్తటి రన్నింగ్ షూ పనికిరావు, అంచు గట్టిగా ఉండే హైకింగ్ బూట్లు కావాలి. కర్రలు రెండు, పై వైపుది పొట్టిగా, కింది వైపుది పొడుగ్గా సర్దుకోవాలి, పట్టాల్లో చేతులు దూర్చకూడదు. పడితే కర్ర వదిలేయగలగాలి. బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులుంటాయి, గ్రోడెల్ అంటారు. మంచు కోసమే అనుకుంటారు కానీ తడి ఆకుల మీద, తడి గడ్డి మీద కూడా పట్టు ఇస్తాయి. వట్టి రాయి మీద మాత్రం జారతాయి, అక్కడ విప్పెయ్యాలి.

తాడు తేవొద్దు. వాడకం రాని నలుగురు ఒకే తాడుకు కట్టుకుంటే ఒకడు పడినప్పుడు నలుగురూ పోతారు.

కాంటూరు_గీత గారితో ఒక్క చోట నాకు తేడా. కాష్‌కు సరిగ్గా సమానమైన ఎత్తులో కాకుండా, 10 మీటర్లు కిందుగా అడ్డం నడవండి. చివరి ముక్క ఎక్కుడుగా రావాలి, దిగుడుగా కాదు. ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందు ఉంటుంది, దిగేటప్పుడు కాలి కింద ఉంటుంది, కనబడదు. ఎక్కే ముందే అదే చోట వెనక్కి దిగగలనా అని రెండు అడుగులు దిగి చూసుకోవాలి. దిగలేకపోతే ఎక్కొద్దు.

చివరి 20 మీటర్లకు నలుగురూ వద్దు. ఇద్దరు వెళ్లండి, కొత్తవాళ్లు పక్కగా చెట్టు వెనక నిలబడాలి, నేరుగా కింద కాదు. దొర్లిన రాయి ఆ వాలులో ఆగదు, కింద మనుషులు నడిచే దారులున్నాయి. రాయి కదిలిందంటే గట్టిగా అరవండి, ఏ భాషలోనైనా సరే.

డబ్బా సంగతి: స్మాల్ అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఇలాంటి వాలులో నేల మీద పెడితే వాన నీటికి కొట్టుకుపోతుంది, అందుకే వేళ్ల సందుల్లోనో, పడిన మొద్దు పై వైపునో, రాతి పగులులోనో ఇరికిస్తారు. చెట్టు కింది వైపు కాకుండా కొండ వైపు ముందు చూడండి. పెట్టినవాడు కూడా నిలబడగలిగే చోటే పెడతాడు. రాళ్లు పీకొద్దు, నాచు చీల్చొద్దు, స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి కాష్ పెట్టడం నియమాలకే విరుద్ధం. లాగ్ షీట్ తడిగా ఉంటే పెన్ను రాయదు, పెన్సిల్ తీసుకెళ్లండి. ఆరిన షీటు ఒకటి, చిన్న జిప్ కవరు ఒకటి జేబులో పెట్టుకుంటే ఓనర్‌కు మేలు. తీసిన చోటే, తీసినట్టే పెట్టండి, ఇంకొంచెం బాగా దాచుదామన్న ఉత్సాహం వద్దు.

కాంటూరు_గీత

10 మీటర్లు కిందుగా అన్నది సరైనదే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాకపోకలు: కోఖెల్ దాకా రైలు గంటా పది నిమిషాల దాకా. దారిలో టుట్‌జింగ్ స్టేషన్లో రెండుగా విడిపోయే బండ్లుంటాయి, ఎక్కేటప్పుడే పెట్టె మీద కోఖెల్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే గార్మిష్‌లో తేలతారు. స్టేషన్ నుంచి పవర్ హౌస్ మీదుగా కనుమ దాటి వెళ్లే బస్సుంది. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా చెల్లే నెలవారీ పాస్, రెండింటికీ చెల్లుతుంది. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే రాసిపెట్టుకోండి. మీలో ఎవరైనా మోటార్ సైకిల్ మీద వద్దామనుకుంటే, శని, ఆదివారాల్లో కెస్సెల్‌బెర్గ్ ఎక్కే వైపు వాటికి ప్రవేశం లేదు.

వెలుతురు: ఆ శనివారం సూర్యుడు ఆరింటికి పోతాడు, ఉత్తరపు వాలు కాబట్టి అడవిలో ఐదింటికే మసక. మధ్యాహ్నం రెండింటికల్లా డబ్బా దొరకకపోతే లాగ్‌లో దొరకలేదని రాసేసి తిరగండి. తలకు కట్టే లైటు మనిషికొకటి ఉండాలి. చీకటి పడ్డాక ఆ అడవిలో తిరగడం అక్కడి జంతువులకూ, వేటగాళ్లకూ ఇబ్బందే.

పెన్‌స్టాక్

అత్యవసరానికి 112, కొండ రక్షణ దళాన్ని కూడా వాళ్లే పంపుతారు. సిగ్నల్ లేకపోతే ఈలతోనో లైటుతోనో నిమిషానికి 6 సార్లు, తర్వాత నిమిషం విరామం, మళ్లీ 6. అటు నుంచి నిమిషానికి 3 వస్తే విన్నారని అర్థం.

పిడుదుల సంగతి కూడా చూసుకోండి, ఆ జిల్లా మెదడువాపు తెచ్చే పిడుదుల ప్రాంతం. టీకా ఈ వారం వేయించుకున్నా శనివారానికి పనిచేయదు. ప్యాంటు సాక్సులోకి దోపుకుని, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, తల వెంట్రుకల్లో వెతుక్కోండి.

ఇసార్_గట్టు

అన్నీ రాసుకున్నాను. ఇద్దరం పైకి, ఇద్దరు పాత రోడ్డు మీదే ఆగేలా మార్చాం. గ్రోడెల్ మ్యూనిక్‌లో అద్దెకు దొరుకుతాయా?

బీచ్_ఆకు

జర్మన్ ఆల్పైన్ క్లబ్ మ్యూనిక్ విభాగంలో సభ్యులకు సామాను అద్దెకిస్తారు. మీలో సభ్యులు ఎవరైనా ఉంటే శుక్రవారం లోపే అడిగి పెట్టుకోమనండి. బూట్లు కూడా వెంట తీసుకెళ్లి, అక్కడే తొడిగి చూసుకోండి, సైజు వదులైతే ఆకుల్లోనే ఊడిపోతాయి.