అప్‌డేట్: మా ఊరి కూడలిలో ప్రమాదాలు – అసలు కారణం తేలింది

పొలాల మధ్య నుంచి వచ్చే మా రోడ్డు ప్రధాన రహదారిని కలిసే చోట తరచూ ప్రమాదాలు జరుగుతున్నాయని, సిగ్నల్ పెట్టించడం ఎలాగని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. స్పందించిన వారందరికీ కృతజ్ఞతలు. సంతకాల సేకరణ వల్ల కదలిక రాలేదు గానీ, త్రుటిలో తప్పిన ప్రమాదాలను సైతం సమయం, దిశలతో నమోదు చేసి ఇవ్వమన్న సూచన ఫలించి, ఇంజనీరు స్వయంగా వచ్చి పరిశీలించారు. మూల మీది పొదలు చూపును అడ్డుకుంటున్నాయని, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 22 మీటర్లు దాటుతుంది కనుక అది కనిపించేసరికి తప్పించుకునే వ్యవధి ఉండటం లేదని తేల్చారు. పొదలు తొలగించి, పక్క రోడ్డుపై స్టాప్ బోర్డు, ఆగే గీత, వాటికి ముందు రంబుల్ స్ట్రిప్స్ (వాహనాన్ని కుదిపి డ్రైవరును అప్రమత్తం చేసే అడ్డపట్టీలు) వేశారు. మేము పట్టుబట్టిన సిగ్నల్ అవసరమే పడలేదు. ప్రమాదాలు ఎక్కువగా పగటివే కావడంతో వీధి దీపాలు వేయించాలన్న చర్చకూ దీనితో సంబంధం లేకపోయింది. పొదలు మళ్లీ పెరుగుతాయి కనుక, వాటిని నరికించే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.